జీతం 20వ తేదీకే అయిపోతోంది, ఎక్కడ తగ్గించుకోవాలో చెప్పండి

మూసాపేట_సుజాత
మా ఆయనకు చేతికి 33 వేలు వస్తుంది, పటాన్‌చెరులో కంపెనీ ఉద్యోగం. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, తొమ్మిది వేల దాకా వస్తాయి, మూఢం వస్తే అదీ తగ్గుతుంది. ఇద్దరు పిల్లలు, ఒకరు ఐదో తరగతి, ఒకరు రెండో తరగతి. ఖర్చులన్నీ నోట్‌బుక్‌లో రాసి ఇక్కడ పెడుతున్నా. అద్దె 10,000, మెయింటెనెన్స్ అని ఓనర్ తీసుకునేది 1,200, స్కూల్ ఫీజు నెలకు లెక్కేస్తే 7,000, స్కూల్ ఆటో 2,200, బండి ఈఎంఐ 3,100, పెట్రోల్ 3,000, కిరాణా 5,500, పాలు 1,900, కూరగాయలు పండ్లు 2,800, కరెంటు 1,450, గ్యాస్ 900, ఫోన్లు ఇంటర్నెట్ కలిపి 1,350, ఊళ్ళో అత్తగారికి 2,000. కూడితే 42,400. మందులు, ఆదివారం చికెన్, పెళ్ళిళ్ళ చదివింపులు ఇందులో లేవు. చాలనివన్నీ క్రెడిట్ కార్డు మీదకు పోతున్నాయి, అది ఇప్పుడు 46 వేలు అయింది, నెలనెలా మినిమం కడుతున్నాం. 20వ తేదీ వచ్చేసరికి టెన్షన్ మొదలు. పాలు తగ్గించాలా, నెట్ తీసేయాలా అని ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీ ఇళ్ళల్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

లెక్కల_మాస్టారు
పాల జోలికి పోవద్దమ్మా, పెరిగే పిల్లలున్నారు. ముందు ఆ కార్డు సంగతి చూడండి. చాలా కార్డులకు నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ వేస్తారు. 46 వేల మీద 1,610, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,900. నెలంతా పిల్లలు తాగే పాలకు ఎంత పెడుతున్నారో సరిగ్గా అంత వడ్డీకి పోతోంది. మినిమం కడితే లేట్ ఫీజు తప్పుతుందే తప్ప అసలు కదలదు. పైగా పాత బాకీ అలా ఉండగా మళ్ళీ కార్డు గీకితే, కొత్తగా కొన్నదానికి కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అందుకని ఈ రోజు నుంచే ఆ కార్డు బీరువాలో పెట్టి తాళం వేయండి.

మల్కాజిగిరి_వాణి
తెల్ల రేషన్ కార్డు ఉందా సుజాతా? ఉంటే ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు లేదు, గ్యాస్ 500కే, ఇప్పుడు మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం కూడా. అద్దెకున్నవాళ్ళకూ వర్తిస్తుంది, లేకపోతే వెంటనే పెట్టుకో.

మూసాపేట_సుజాత
మాకు రాదక్కా. పట్నంలో అయితే ఏడాది ఆదాయం రెండు లక్షల లోపు ఉండాలట. ఆయన జీతమే నాలుగు లక్షలకు దగ్గర.

చార్మినార్_కరీం
మా ఇంట్లోనూ ఇదే బాధ. రేషన్ కార్డు రాదు, జీతం చాలదు.

యాదగిరి_ఎలక్ట్రీషియన్
అక్కా, కరెంటు బిల్లు మీద ఎన్ని యూనిట్లు ఉన్నాయి? ఇంట్లో ఏమేం ఉన్నాయి? ఏసీ ఉందా?

మూసాపేట_సుజాత
240 యూనిట్లు తమ్ముడూ. ఏసీ లేదు. మూడు ఫ్యాన్లు, ఫ్రిజ్, గీజర్, టీవీ, కుట్టు మిషన్ మోటార్, మిక్సీ. అంతే.

యాదగిరి_ఎలక్ట్రీషియన్
అసలు కిటుకు 200 దగ్గర ఉంది. వంద దాటి 200 లోపల ఉంటే మొదటి వంద యూనిట్లకు 3.40, తర్వాతి వందకు 4.80. 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, 200 పైన 300 దాకా ప్రతి యూనిట్‌కు 7.70. సరిగ్గా 200 కాలిస్తే ఎనర్జీ చార్జీ 820. ఒక్క యూనిట్ ఎక్కువైతే 1,027. మీ 240కి 1,328, మిగతాది ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు. మీకు ఎక్కడో 45 యూనిట్లు తగ్గితే చాలు, నెలకు ఐదు వందలకు పైగా మిగులుతుంది.

గీజర్ రెండు కిలోవాట్లది అయితే అరగంట వేస్తే ఒక యూనిట్. స్విచ్ వేసి మర్చిపోయి గంట సేపు వదిలేస్తే నెలకు 60. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్లు, పాతవి 75. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్ మార్చితే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి, కానీ ఇప్పుడు అప్పు చేసి ఫ్యాన్లు కొనమని నేను చెప్పను. ఉన్నవాటిలో ఒకటి పాడైనప్పుడు దాని బదులు అది తెచ్చుకోండి. అయినా ఏసీ లేని ఇంటికి 240 నాకు కొంచెం ఎక్కువే అనిపిస్తోంది.

ఉప్పల్_పద్మజ
క్రెడిట్ కార్డు గురించి. బంగారం ఏదైనా ఉంటే బ్యాంకులో చిన్న గోల్డ్ లోన్ తీసుకుని కార్డు మొత్తం కట్టేయండి. బ్యాంకులో ఏడాదికి పది శాతం అటూఇటూ ఉంటుంది, 46 వేలకు నెలకు నాలుగు వందల లోపే. 1,900 ఎక్కడ, 400 ఎక్కడ. సన్న గాజు ఒకటి పెట్టినా చాలు.

మల్కాజిగిరి_వాణి
పద్మజ గారూ, ఆడపిల్లకు తాకట్టు సలహా ఇవ్వకండి. మా చిన్నమ్మ గొలుసు ఇలాగే పెట్టి, వడ్డీ మీద వడ్డీ పెరిగి చివరికి వేలానికి పోయింది. ఇప్పటికీ ఆ మాట వస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

ఉప్పల్_పద్మజ
బ్యాంకులో పెట్టారా, బయట షాపులోనా?

మల్కాజిగిరి_వాణి
కాలనీలో ఒకాయన దగ్గర. నూటికి రెండు రూపాయలు.

ఉప్పల్_పద్మజ
నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం అండీ, మూడంటే 36. నెలకు రెండు రూపాయలే కదా అని చిన్నగా వినిపిస్తుంది. మీ చిన్నమ్మ గారికి జరిగింది నిజంగా అన్యాయం, దానికి నేను కాదనను. నేను చెప్పేది బ్యాంకు సంగతి, రసీదు ఉంటుంది, తూకం రాసి ఇస్తారు, మధ్యలో ఎంత చేతికి వస్తే అంత కట్టుకోవచ్చు.

లెక్కల_మాస్టారు
బంగారం పెట్టడం ఇష్టం లేకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫోన్ చేసి బాకీని ఈఎంఐగా మార్చమని అడగండి. వడ్డీ బాగా తగ్గుతుంది. అయితే వాళ్ళు నెల కిస్తీ మాత్రమే చెప్తారు, మీరు ఏడాది వడ్డీ ఎంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత అని విడివిడిగా అడిగి రాసుకోండి.

దిల్‌సుఖ్‌నగర్_శ్రీను
ఇంత గందరగోళం ఎందుకు, ఒక లక్ష చీటీ వేసి రెండో నెలే పాడుకుంటే కార్డు తీరిపోతుంది, మిగిలింది ఫీజుకు వస్తుంది.

నిజాంపేట_భాస్కర్
శ్రీను అన్నా, 42 వేలు చాలని వాళ్ళకు నెలకు ఇంకో కిస్తీ నెత్తిన పెడుతున్నావు. రెండో నెలలో పాడుకోవాలంటే ఎంత తోసుకుని పాడాలో నీకు తెలుసు. పైగా రిజిస్టర్ అయిన కంపెనీ అయితేనే చట్టం ప్రకారం చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ ఏడు శాతం దాటకూడదు, రిజిస్ట్రార్ దగ్గర లెక్క ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఆంటీ నడిపే చీటీకి ఏ కాగితం ఉంటుంది? మా పక్క వీధిలో చీటీ నడిపినావిడ రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది, అందులో పనిమనుషుల డబ్బులే ఎక్కువ.

దిల్‌సుఖ్‌నగర్_శ్రీను
నేను చెప్పింది రిజిస్టర్డ్ చీటీయే. మా చెల్లి పెళ్ళి చీటీతోనే చేశాం. అయినా అప్పు తీర్చడానికి కంటే పొదుపుకే అది మంచిదన్న మాట ఒప్పుకుంటా.

బోయిన్‌పల్లి_సరళ
కిరాణా 5,500 నలుగురికి ఎక్కువేం కాదు, కానీ ఎలా కొంటున్నావో చెప్పు. నెలకు ఒకసారా, అయిపోయినప్పుడల్లా ఫోన్‌లో ఆర్డర్ పెట్టడమా?

మూసాపేట_సుజాత
పెద్ద సామాన్లు నెలకోసారి. మధ్యలో మాత్రం మా ఆయన ఆ పది నిమిషాల యాప్‌లో తెప్పిస్తారు.

బోయిన్‌పల్లి_సరళ
అదే అడిగేది. కొత్తిమీర కట్ట కోసం తెరుస్తారు, డెలివరీ ఫ్రీ అవ్వాలని చిప్స్, చాక్లెట్, ఐస్‌క్రీమ్ కలుపుతారు, పైన హ్యాండ్లింగ్ చార్జీ. ఒక నెల ఆర్డర్లన్నీ తెరిచి కూడి చూడు. మా ఇంట్లో కూడితే కిరాణా బిల్లులో మూడో వంతు అక్కడే తేలింది. ఆ యాప్ ఫోన్‌లోంచి తీయించాక పిల్లలు నాలుగు రోజులు అలిగారు, తర్వాత మామూలే.

మేము ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి బేగంబజార్ వెళ్తాం. కందిపప్పు, మినపప్పు, ఎండుమిర్చి, చింతపండు, జీలకర్ర ఎక్కువ మొత్తంలో తెచ్చి ఇంటికొచ్చి కాటా మీద పంచుకుంటాం. ఒక్కదానివే వెళ్తే బండి చార్జీలకే సరిపోతుంది, కలిసి వెళ్తేనే లాభం.

కేపీహెచ్‌బీ_రమణ
మూసాపేట అంటున్నారు కాబట్టి మీకు ఇటు కూకట్‌పల్లి రైతు బజార్, అటు ఎర్రగడ్డ రైతు బజార్ రెండూ దగ్గరే. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి, చూసుకుని లోపలికి వెళ్ళండి. పొద్దున్నే వెళ్తే సరుకు బాగుంటుంది, సాయంత్రం ఆలస్యంగా వెళ్తే ఆకుకూరలు, టమాటాలు తగ్గించి ఇచ్చేస్తారు. వారానికి ఒకసారి వెళ్ళి తెచ్చుకుంటే 2,800 రెండు వేల దగ్గరకు వస్తుంది. ఉల్లిగడ్డ మాత్రం కాస్త ఎక్కువగా తెచ్చుకుని బుట్టలో గాలి తగిలేలా పెట్టుకోండి.

చార్మినార్_కరీం
ఉల్లిగడ్డకు మలక్‌పేట గంజ్ తర్వాతే ఏదైనా.

కేపీహెచ్‌బీ_రమణ
మూసాపేట నుంచి ఉల్లిగడ్డ కోసం మలక్‌పేటకా అన్నా! వచ్చేటప్పుడు బిర్యానీ కూడా తినిపించు.

ఈసీఐఎల్_మూర్తి
ఎవరూ అసలు విషయం ముట్టుకోవడం లేదు. ఫీజు ఏడు వేలు, ఆటో 2,200. జీతంలో నాలుగో వంతుకు పైనే. రెండో తరగతి పిల్లకు ప్రైవేటు స్కూల్ ఎందుకు? సర్కారు బడిలో ఇంగ్లిష్ మీడియం ఉంది, పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. కొత్తిమీర దగ్గర ఆదా చేసి అక్కడ పోస్తే ఏం లాభం?

మల్కాజిగిరి_వాణి
మూర్తి గారూ, మీ పిల్లలు ఎక్కడ చదివారు?

ఈసీఐఎల్_మూర్తి
పెద్దది ప్రైవేటు, చిన్నది ప్రభుత్వ హైస్కూల్. చిన్నదే ఇప్పుడు పాలిటెక్నిక్‌లో బాగా చదువుతోంది. ఊరికే చెప్పడం లేదు.

బడిపంతులు_అనిత
నేను ప్రభుత్వ స్కూల్ టీచర్‌ని. మా బడి మీద నాకు నమ్మకం ఉంది కాబట్టే చెప్తున్నా, అన్ని బళ్ళూ ఒకేలా ఉండవు. సుజాత గారు మూసాపేట, కూకట్‌పల్లి చుట్టుపక్కల బడికి స్వయంగా వెళ్ళి, తరగతికి టీచర్ ఉన్నారా, పిల్లలు చదివి వినిపించగలుగుతున్నారా, బాత్రూమ్‌లో నీళ్ళు వస్తున్నాయా చూసుకుని అప్పుడు నిర్ణయించుకోవాలి. ఏడాది మధ్యలో మార్చొద్దు. ఇప్పటికి చేయదగ్గది, ఇద్దరు పిల్లలున్నారని ఫీజు తగ్గింపు అడగండి, చాలా స్కూళ్ళు అడిగినవాళ్ళకే ఇస్తాయి. పై తరగతి పిల్లల తల్లిదండ్రులను అడిగితే పాత పుస్తకాలు దొరుకుతాయి, సిలబస్ మారకపోతే కోఠిలోనూ దొరుకుతాయి. జూన్‌లో ఒక్కసారిగా మీద పడే ఫీజుకు ఇప్పటి నుంచే బ్యాంకులో తక్కువ కాలం ఆర్‌డీ, అంటే నెలనెలా కొంత కట్టే పొదుపు, కట్టుకుంటే ఆ నెల కార్డు జోలికి పోనక్కర్లేదు.

మూసాపేట_సుజాత
అనిత మేడమ్, ఫీజు తగ్గింపు అడగాలన్న ఆలోచనే రాలేదు, ఈ శనివారం వెళ్తాను. బడి మార్చడం మాత్రం మా ఆయన ఒప్పుకోరు, ఆయన మధ్యలో చదువు మానేసిన మనిషి, పిల్లల చదువు దగ్గర రూపాయి తగ్గించనంటారు. ఆ మాట నేను కాదనలేను.

నిజాంపేట_భాస్కర్
పటాన్‌చెరుకు రోజూ బండి మీదేనా? 218 బస్సు మీ మీదుగానే వెళ్తుంది. పాస్ తీసుకుంటే పెట్రోల్ ఖర్చులో దాదాపు సగం మిగులుతుంది.

మూసాపేట_సుజాత
షిఫ్టులు అన్నయ్యా. రెండో షిఫ్ట్ అయ్యేసరికి రాత్రి పదిన్నర, బస్సు కోసం నిలబడితే ఇంటికి ఎప్పుడొస్తారో తెలీదు.

నిజాంపేట_భాస్కర్
అలా అయితే అదే షిఫ్ట్‌లో మీ దారిలో వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అడగమనండి. ఒక వారం మీ బండి, ఒక వారం ఆయన బండి. మేము ఐడీఏ బొల్లారం వెళ్ళినన్నాళ్ళూ అలాగే వెళ్ళాం.

బోయిన్‌పల్లి_సరళ
ఆడవాళ్ళకు బస్సు ఫ్రీయే కదా, లైనింగ్, ఫాల్స్ కొనడానికి జనరల్ బజార్ దాకా వెళ్ళొచ్చు. ఇంటి దగ్గర షాపులో కొంటే మీటరుకు ఎంత తేడా ఉంటుందో నీకు నాకంటే బాగా తెలుసు.

మూసాపేట_సుజాత
నా ఆధార్ ఇంకా విజయనగరం అడ్రస్ మీదే ఉందక్కా, కండక్టర్ టికెట్ కొట్టేస్తారు.

బోయిన్‌పల్లి_సరళ
అయ్యో, ఇన్నాళ్ళూ టికెట్ కొంటున్నావా! తెలంగాణ అడ్రస్ ఉండాల్సిందే, జీరో టికెట్ దాన్ని చూసే ఇస్తారు. ఓనర్‌తో అద్దె అగ్రిమెంట్ రాయించుకుని, రిజిస్టర్ చేయించి ఆధార్ సెంటర్‌లో అడ్రస్ మార్పించుకో. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ రెండింట్లోనూ వెళ్ళొచ్చు.

తార్నాక_హరి
ఫోన్ల దగ్గర ఒక మాట. 28 రోజుల రీచార్జ్ అంటే ఏడాదికి 12 కాదు, 13 సార్లు. 84 రోజులదో, ఏడాదిదో చూసుకోండి. ఊళ్ళో అత్తగారిది బటన్ ఫోన్ అయితే డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాకులు 2025 జనవరి నుంచి వచ్చాయి, టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ చెప్పాక కంపెనీలు పెట్టాయి. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి మీ ఫోన్‌కు రోజుకు రెండు జీబీ ప్యాక్ అవసరం లేదు.

చార్మినార్_కరీం
నెట్ మాత్రం తీసేయొద్దు. మా ఇంట్లో తీసేస్తే ముందు అలిగేది మా అమ్మ, సీరియళ్ళన్నీ అందులోనే.

రామంతాపూర్_గీత
అత్తగారికి బీపీ, షుగర్ మందులు ఏమైనా వాడుతున్నారా? డాక్టర్‌ని మందు పేరు రాసివ్వమని అడిగి జన ఔషధి దుకాణంలో తీసుకోండి. మా నాన్నగారి మందులు సగానికంటే తక్కువకు వస్తున్నాయి. పిల్లలకు జ్వరం, దగ్గు వస్తే బస్తీ దవాఖానాలో చూపించండి, డాక్టర్ ఫీజు లేదు, రక్తపరీక్షలకు శాంపిల్ కూడా అక్కడే తీసుకుంటారు.

ఇంకోటి, గ్యాస్ మంట పసుపుగా ఉందా నీలంగా ఉందా చూడండి. పసుపుగా ఉండి గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్ చిల్లులు మూసుకుపోయినట్టు. బర్నర్ తీసి వేడినీళ్ళు, సబ్బుతో కడిగి, ఒక్కో చిల్లు పిన్నీసుతో పొడిచి, బాగా ఆరాక పెట్టండి. మంట గిన్నె అంచు దాటి పైకి రాకూడదు. సిలిండర్ తెచ్చిన అబ్బాయికి బిల్లు మీద ఉన్నదే ఇవ్వండి, అందులోనే డెలివరీ ఉంటుంది. మూడో అంతస్తు దాకా మోసుకొచ్చాడని మీరు ఇష్టంగా ఇస్తే అది వేరే.

మల్కాజిగిరి_వాణి
ఆ 1,200 మెయింటెనెన్స్ దేనికి? నీళ్ళకా? జలమండలి ఇంటి కనెక్షన్‌కు నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తోంది, అపార్ట్‌మెంట్‌లో అయితే ఫ్లాట్‌కు అంత. మీటర్ పనిచేస్తూ ఉండాలి, ఆధార్ లింక్ అయి ఉండాలి. మా బిల్డింగ్‌లో మీటర్ పాడైపోయి ఊరికే బిల్లు కట్టాం, బాగు చేయించాక తగ్గింది. ఒకసారి బిల్లు చూపించమని అడుగు.

మూసాపేట_సుజాత
నీళ్ళు, మెట్లు ఊడ్చడం, మెట్ల లైట్లు, సీసీ కెమెరాలు, అన్నీ కలిపి 1,200 అని చేరినప్పుడు చెప్పారు.

యాదగిరి_ఎలక్ట్రీషియన్
అక్కా, మీరు మెట్ల లైట్లు అన్నారు కాబట్టి ఒక పని చేయండి. రాత్రి పడుకునే ముందు ఇంట్లో అన్నీ ఆపండి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీయండి. ఇన్వర్టర్ లేదు కదా. కింద మీటర్ల దగ్గరకు వెళ్ళి మీ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు చూడండి. ఏమీ వాడకపోతే అది మెరవకూడదు. మెరుస్తుంటే మీది కానిదేదో మీ మీటర్ మీద తిరుగుతోంది. అప్పుడు మీ ఇంటి మెయిన్ ఆపి, బిల్డింగ్‌లో ఇంకేమేం ఆగిపోయాయో చూడండి. బాక్సులో చేయి పెట్టొద్దు, చూస్తే చాలు.

మూసాపేట_సుజాత
నిన్న రాత్రి చేశాం. అన్నీ ఆపినా ఎర్ర లైటు మెరుస్తూనే ఉంది. మా ఆయన కింద మీటర్ దగ్గర నిలబడ్డారు, నేను పైన మెయిన్ ఆపాను. ఆపగానే మూడు అంతస్తుల మెట్ల మీద చీకటి. నాలుగు ట్యూబ్‌లైట్లు, కెమెరాల డబ్బా అన్నీ ఆగిపోయాయి. మళ్ళీ వేస్తే వెలిగాయి. మా ఆయన కిందనుంచే అరిచారు, మన మీటరే మన మీటరే అని. పక్క పోర్షన్ వాళ్ళు దొంగలు పడ్డారేమో అని తలుపు తీశారు.

యాదగిరి_ఎలక్ట్రీషియన్
నేను అనుకున్నదే. నాలుగు లైట్లు ఒక్కోటి 20 వాట్లు అనుకుందాం, రాత్రంతా వెలిగితే నెలకు 29 యూనిట్లు. కెమెరాల డబ్బా 24 గంటలూ 30 వాట్లు లాగితే 21. కలిపి 50. మీ 240 కాస్తా 190 అవుతుంది, 200 లోపలికి వచ్చేస్తారు. ఎనర్జీ చార్జీ 1,328 నుంచి 772కు దిగుతుంది. 556 రూపాయలు అక్కా, అదీ మెయింటెనెన్స్ విడిగా కడుతూ.

చార్మినార్_కరీం
ఓనర్‌ను నిలదీయండి! పాత నెలలవి కూడా వసూలు చేయండి.

లెక్కల_మాస్టారు
కరీం, వాళ్ళు అక్కడ ఉండాల్సినవాళ్ళు. గట్టిగా అడగాలి, కానీ గొడవ పడితే రేపు ఇల్లు ఖాళీ చేయమంటే అడ్వాన్స్, సామాన్ల ఆటో, కొత్త అద్దె, పిల్లల స్కూల్ దూరం, అన్నీ మీద పడతాయి. కాగితం మీద ఈ లెక్క రాసి, బిల్లు పక్కన పెట్టి చూపించండి.

మూసాపేట_సుజాత
ఓనర్‌తో మాట్లాడాం. మీకు ముందు అద్దెకున్నవాళ్ళు ఎవరూ అడగలేదు అన్నారు. మాస్టారు గారు చెప్పినట్టు కాగితం చూపించాక కాస్త మెత్తబడి, మెయింటెనెన్స్‌లో 300 తగ్గించుకోమన్నారు. ఒప్పుకోవాలా? కార్డు గురించి కూడా నిర్ణయించుకున్నాం, నా గాజు ఒకటి బ్యాంకులో పెడుతున్నాం. వాణక్కా, కోప్పడకండి, ఏడాదిలో విడిపిస్తాను.

మల్కాజిగిరి_వాణి
కోపం ఎందుకమ్మా. రసీదు మీద తూకం, తేదీ సరిగ్గా రాశారో చూసుకుని తీసుకో.

ఉప్పల్_పద్మజ
కార్డు బాకీ పూర్తిగా కట్టాక తర్వాతి నెల స్టేట్‌మెంట్ కూడా చూడండి, మధ్య రోజులకు వడ్డీ కొంచెం మిగిలి ఉంటుంది. అదీ కట్టేస్తేనే సున్నా అవుతుంది.

యాదగిరి_ఎలక్ట్రీషియన్
300కు ఒప్పుకోవద్దు అక్కా. లైట్లు మీ మీటర్ మీద ఉన్నన్నాళ్ళూ మీరు 200 దాటుతూనే ఉంటారు, వేసవి వస్తే ఇంకా ఎక్కువ. డబ్బు కాదు, వైరు మార్చమని అడగండి. ఓనర్ గారి సొంత మీటర్ మీదకో, కామన్ మీటర్ ఉంటే దాని మీదకో మార్చడం అరపూట పని, ఆ ఖర్చు ఆయనదే. మార్చిన రోజు మీటర్ రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి, వారం తర్వాత ఇంకోటి తీయండి. వారానికి 45 దాటకపోతే సరిగ్గా మార్చినట్టు. దాటితే ఆ రెండు ఫోటోలూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.